సోమిద మాను – సామర్లకోట డాక్టరు దొర



మహనీయుల జీవితాలు అనే ఈ శీర్షికలో ఇంతవరకు గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి, ఝాన్సీ లక్ష్మీబాయి గురించి చదివాం. ఈసారి నా వంతు వచ్చింది. నేను ఒక తెల్ల డాక్టరు గురించి రాస్తున్నాను. తెల్లదొర గురించి మనకెందుకు అని కొందరు అడుగుతారు. ఎందుకంటే ఆయన రాసిన పెద్ద పుస్తకంలో మన కొండలున్నాయి, మన చెట్లున్నాయి, మనం పిలుచుకునే పేర్లున్నాయి. అందులో ఒక చెట్టు పేరు ఇప్పుడు ప్రపంచమంతా మన మాటతోనే పిలుస్తున్నారు.

పాత చందమామ కథల్లో మంత్రగత్తె ఒకతె కొండ గుహలో ఉంటుంది. అర్ధరాత్రి అడవిలోకి పోయి ఎవరికీ తెలియని మూలిక తెస్తుంది. దాన్ని ముట్టుకుంటే రోగం పోతుంది, ముసలివాడు పడుచువాడవుతాడు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ నిజంగా ఒక మొక్క గుణం కనిపెట్టడం అంటే ఏమిటి? ఎవరు కనిపెడతారు? ఎలా కనిపెడతారు? ఈ డాక్టరు గారి జీవితం చదివితే అది తెలుస్తుంది. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్.

పుట్టుక, చదువు

రాక్స్‌బర్గ్ గారు 1751లో స్కాట్లాండు దేశంలో ఎయిర్‌షైర్ అనే ప్రాంతంలో పుట్టారు. ఎడింబరో పట్నంలో వైద్యం చదివారు. అక్కడ జాన్ హోప్ అనే మాస్టారు ఉండేవారు. ఆయన మొక్కల శాస్త్రం చెప్పేవారు. ఆ రోజుల్లో వైద్యం చదివేవాళ్లకి మొక్కలు తెలిసి తీరాలి. ఎందుకంటే మందులు చాలావరకు ఆకుల్లోంచి, వేళ్లలోంచి, బెరడుల్లోంచే వచ్చేవి. ఇప్పటిలాగా బిళ్లలు, ఇంజక్షన్లు లేవు. ఆ మాస్టారి దగ్గర చదివినవాడికి మొక్కల మీద పట్టిన ఇష్టం చచ్చేదాకా పోలేదు.

చదువు తరవాత ఈస్టిండియా కంపెనీ ఓడల్లో డాక్టరుకి సహాయకుడుగా పనిచేశారు. 1776లో మద్రాసు వచ్చి కంపెనీ వారి వైద్యశాఖలో చేరారు. మద్రాసులో ఉన్నప్పుడే రోజుకి మూడుసార్లు ఎండ ఎంత, గాలి ఎటు, వాన ఎంత అని పుస్తకంలో రాసుకునేవారు. ఎవరూ రాయమనలేదు. ఆ లెక్కలు 1778లో లండన్‌లో అచ్చయ్యాయి. చూసినదాన్ని ఆ రోజే రాసెయ్యడం ఆయనకి అలవాటు. ఈ అలవాటుని గుర్తు పెట్టుకోండి, ఎందుకో తరవాత చెబుతాను.

సామర్లకోటకి రాక

1781లో ఆయన్ని సామర్లకోట పంపారు. అప్పుడు ఆయనకి 30 ఏళ్లు. సామర్లకోట మనకి తెలిసిన ఊరే. కాకినాడ వెళ్లేటప్పుడు రైలు మారే జంక్షను. అప్పట్లో అక్కడ కోట ఉండేది, కంపెనీ సిపాయిలు ఉండేవారు. వాళ్లకి డాక్టరుగా వచ్చారు. మన ప్రాంతాన్నంతా అప్పుడు రాజమండ్రి సర్కారు అనేవారు.

ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి లేదు. అది కాటన్ దొర హయాంలో 1852కి పూర్తయింది. అంటే కాలువలు లేవు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. ఇప్పుడు పచ్చగా కనపడే కోనసీమ, డెల్టా అప్పుడలా ఉండేవి కావు.

సామర్లకోటలో ఆయన తోట వేశారు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస, పట్టుపురుగులకి మల్బరీ, ఇలా ఏది దొరికితే అది నాటి చూసేవారు. ఉత్తరాన ఉన్న కొండల్లో మిరియం తీగ దానంతటదే పెరుగుతోందని తెలుసుకుని దాన్ని తెచ్చి పెంచారు. ఏలేరు ఒడ్డున పెద్దాపురం రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో దగ్గరుండి చూసి రాశారు. కంపెనీవాళ్లకి ఇవన్నీ లాభం కోసమే కావాలి. ఏ పంట వేస్తే ఎంత డబ్బు వస్తుందన్నదే వాళ్ల లెక్క. ఆయన కంపెనీ జీతగాడు, ఆ సంగతి మనం దాచకూడదు. కానీ ఆయన రాసినవాటిలో డబ్బు లెక్క ఒక్కటే లేదు.

ఆయనకి ఒక పెద్ద స్నేహితుడుండేవాడు. పేరు కోనిగ్. స్వీడను దేశపు లిన్నేయస్ అనే మహా పండితుడి శిష్యుడు. మొక్కలన్నిటికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి తెచ్చింది ఆ లిన్నేయసే. మన సైన్సు పుస్తకంలో మామిడికి మాంజిఫెరా ఇండికా అని ఉంటుందే, ఆ పద్ధతి. కోనిగ్ గారు మన దేశంలో ఊరూరా తిరిగి మొక్కలు పోగుచేసి, చివరికి 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయారు. రాక్స్‌బర్గ్ గారు వైద్యం చేసినా దక్కలేదు. ఆ పని ఇక ఈయన మీద పడింది.

ఉప్పెన, కరువు

1787 మే నెలలో కోరంగి దగ్గర పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం ఊళ్ల మీద పడింది. వేల మంది కొట్టుకుపోయారు. రాక్స్‌బర్గ్ గారు అన్నేళ్లుగా ఎండబెట్టి దాచిన మొక్కలు, పుస్తకాలు, రాసుకున్న కాగితాలు అన్నీ ఆ ఉప్పెనలో పోయాయి. మనకి ఒక్క నోట్సు పోతేనే ఏడుపు వస్తుంది కదా. ఆయనకి ఏళ్ల కష్టం ఒక్క రోజులో పోయింది. అయినా మళ్లీ మొదటి మొక్కనుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు మనకి ఆయన పేరు తెలిసిందంటే ఆ తరవాత చేసిన పనివల్లే.

ఆ తరవాత 1790 నుంచి 1792 దాకా వానలు లేవు. పెద్ద కరువు వచ్చింది. తిండి లేక జనం రాలిపోయారు. ఆయన కళ్లారా చూశారు. ఇలాంటి కరువు ముందెప్పుడైనా వచ్చిందా అని పెద్దవాళ్లని అడిగారు. సుమారు నూరేళ్ల కింద ఇలాంటిదే ఒకటి వచ్చిందని పిఠాపురం రాజావారి ద్వారా తెలుసుకున్నారు. వాన లెక్కలు చూసుకుని, ఇది మళ్లీ మళ్లీ వచ్చేదే, ముందే జాగ్రత్తపడాలి అని రాశారు. వరి పోయినా తినడానికి ఏదో ఒకటి ఉండాలంటే కొబ్బరి, పనస, అరటి, ఈత లాంటి చెట్లు గట్ల వెంబడి నాటించాలని కంపెనీకి చెప్పారు. కరువులో జీలుగు పిండి, టెంకెల పిండి తిని బతికిన మన పెద్దవాళ్లకి ఈ మాట కొత్తేమీ కాదు. కానీ ఒక దొర దాన్ని కాగితం మీద పెట్టి పైవాళ్లకి పంపడం కొత్త.

అడగడం, చూడడం, రాయడం

ఇప్పుడు ఆయన పనిచేసే పద్ధతి చెబుతాను. ఒక సంగతి చెబితే అర్థమవుతుంది.

1789 నవంబరులో కొండమీంచి లక్క అంటిన పుల్లలు కొన్ని ఆయన దగ్గరికి తెచ్చారు. మన వాళ్లు కొమ్మల మీంచి గోకి సంతలో అమ్మే లక్క ఉంది కదా, అదే. ఆయన వాటిని వెడల్పు మూతి గాజుసీసాల్లో పెట్టి రోజూ చూస్తూ కూర్చున్నారు. రెండు వారాలకి సీసాలో చీమతల కంటే చిన్నవి, ఎర్రటి పురుగులు వేలకి వేలు పాకడం మొదలయింది. లక్కని చేసేది ఆ పురుగులే. వాటి కాళ్లు, రెక్కలు, గుడ్లు అన్నీ భూతద్దంలో చూసి, బొమ్మ గీసి, 1790 మొదట్లో సామర్లకోట నుంచి ఉత్తరం రాశారు. అది 1791లో లండన్‌లో అచ్చయింది. లక్క తెచ్చిన మనిషి పేరు మాత్రం అందులో లేదు.

మొక్కలకి కూడా ఇదే పద్ధతి. ఏ మొక్క కనపడినా ముందు ఇక్కడి వాళ్లు దాన్ని ఏమంటారో అడిగేవారు. ఆ పేరు రాసుకునేవారు. ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, కాయ ఎన్ని నెలలకి పండుతుంది, జనం దాన్ని దేనికి వాడతారు, ఇవన్నీ రాసేవారు. తరవాత చిత్రకారుల చేత రంగుల్లో బొమ్మ గీయించేవారు. ఆకు ఈనెలు, పువ్వు కోసి లోపల ఏముందో, గింజ ఎలా ఉందో అంతా అందులో ఉండాలి. ఆ చిత్రకారులు మన దేశపు వాళ్లే.

విశాఖపట్నంలో ప్యాట్రిక్ రసెల్ అనే మరో డాక్టరు ఉండేవారు. ఆయన మన పాముల మీద పుస్తకం రాశారు. మన దేశపు పనికొచ్చే మొక్కలన్నిటి మీదా బొమ్మల పుస్తకం వెయ్యాలని కంపెనీకి సలహా ఇచ్చింది ఆయనే. ఆయన 1789లో సీమకి వెళ్లిపోయాక ఆ పని రాక్స్‌బర్గ్ గారిదయింది. ఆయన పంపిన బొమ్మల్లోంచి 300 ఎంచి, కోరమండల్ తీరపు మొక్కలు అనే పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు పెద్ద సంపుటాలుగా లండన్‌లో అచ్చువేశారు. కోరమండల్ తీరం అంటే మన తూర్పు తీరమే.

మొదటి సంపుటంలో ఏమేమి ఉన్నాయో వింటే మీకు నవ్వు వస్తుంది. ఇప్ప, మోదుగ, తునికి, నల్లజీడి, ముష్టి, చిల్ల. మనం రోజూ కట్టెలకి పోతూ పక్కకి తోసే కొమ్మలే! ఇప్పపువ్వు తింటారని, గింజల నూనె తీస్తారని అందులో ఉంది. చిల్లగింజని కుండ లోపల అరగదీసి బురదనీళ్లు పోస్తే మురికి అడుక్కి దిగిపోతుందని ఉంది. ఇవి మన అవ్వలు, తాతలు చేసేవే.

సోమిద మాను

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాను.

సామర్లకోటకి, పెద్దాపురానికి ఉత్తరాన ఉన్న రాజమండ్రి సర్కారు కొండల్లో ఒక పెద్ద చెట్టు పెరుగుతుందని ఆయన రాశారు. సామర్లకోట నుంచి ఉత్తరంగా పెద్దాపురం, ఏలేశ్వరం దాటితే ఏ కొండలొస్తాయి? అడ్డతీగల కొండలు. మనవే! ఆ చెట్టు పేరు సోమిద. కొందరు సోమి మాను అంటారు. వేప కుటుంబానికి చెందినదే. చలికాలం వెళ్లేటప్పుడు పూస్తుంది. కాయ చెక్కలా గట్టిగా ఉండి ఎండాక అయిదు ముక్కలుగా విచ్చుకుంటుంది, రెక్క ఉన్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. మా ఊళ్లో చిన్నపిల్లలు ఆ కాయల్ని పువ్వులని ఆడుకుంటారు. కర్ర ఎర్రగా, చాలా బరువుగా ఉంటుంది, చెడదు. అందుకే ఇక్కడి జనం గుళ్లకి ఆ కర్రే వాడతారని కూడా ఆయన రాశారు.

దాని బెరడు నోట్లో పెడితే చేదు, ఆ వెనక వగరు. ఆ చేదే ఆయనకి ముఖ్యమయింది. ఎందుకో చెబుతాను.

మన మన్యానికి జ్వరం పాత చుట్టం. చలిపెట్టి, వణికించి, కాల్చి, చెమటపట్టి తగ్గి, మళ్లీ రోజు విడిచి రోజు వచ్చే జ్వరం. కొండెక్కిన సిపాయిల్ని కత్తి కంటే జ్వరమే ఎక్కువ చంపేది. అప్పుడు ఆ జ్వరానికి ప్రపంచంలో ఒక్కటే నమ్మకమైన మందు. దక్షిణ అమెరికా కొండల్లో దొరికే ఒక చెట్టు బెరడు. దాన్ని పెరూ బెరడు అనేవారు. ఆ బెరడు ఓడల్లో వేల మైళ్లు తిరిగి రావాలి. ఖరీదు ఎక్కువ, అందులో కల్తీ. మామూలు మనిషికి అందదు.

ఆ బెరడు కూడా చేదు, వగరే. మరి ఇక్కడ దొరికే సోమిద బెరడు దానికి బదులు పనికొస్తుందా? ఇదీ ఆయన వేసుకున్న ప్రశ్న. వేసుకుని ఊరుకోలేదు. నమ్మేసి ఊరందరికీ చెప్పనూ లేదు. రెండు బెరడుల్నీ పక్కపక్కన పెట్టి ప్రయోగాలు చేసి, ఏది ఎంత పనిచేస్తుందో పోల్చి చూసి, ఆ వివరాలన్నీ 1793లో చిన్న పుస్తకంగా వేయించారు. ఇంకొకరు కూడా పరీక్షించి చూసుకునేలా రాశారు. మరుసటి ఏడే ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అనే వైద్య విద్యార్థి ఈ బెరడు మీదే తన పరీక్ష వ్యాసం రాశాడు. మన కొండ బెరడు మీద సముద్రాల అవతల ఒక కుర్రాడు డాక్టరు పరీక్ష రాశాడంటే ఆశ్చర్యంగా లేదూ!

పెద్ద పుస్తకంలో ఈ చెట్టు బొమ్మ 17వది. దానికి ఆయన స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టారు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది అని లాటిన్ మాట. తరవాత 1830లో జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ చెట్టు వేరే జాతిదని తేల్చి, ఆ జాతికి సోయ్‌మిడా అని పేరు పెట్టారు. అంటే మన సోమిదే. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఏ భాషవాడయినా ఈ చెట్టుని సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అనే అనాలి.

పెరూ బెరడు సంగతి చూడండి. దాని చేదు ముందు ఆ కొండల జనానికి తెలుసు. కానీ ఆ చెట్టుకి 1742లో లిన్నేయస్ పెట్టిన పేరు సింకోనా. అది స్పెయిను దేశపు ఒక దొరసాని పేరు. అక్కడి చెట్టుకి దొరసాని పేరు వచ్చింది. ఇక్కడి చెట్టుకి మన పేరు నిలబడింది. ఎందుకు? రాక్స్‌బర్గ్ గారు అడిగి, విని, రాసి పెట్టారు గనక. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

కలకత్తా, చివరి రోజులు

1793లో ఆయన్ని కలకత్తా పంపారు. హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో కంపెనీ వారి బొటానికల్ గార్డెను ఉంది. దానికి పెద్ద అయ్యారు. 20 ఏళ్లు అక్కడే పనిచేశారు. 1814లో ఆ తోటలోని మొక్కల జాబితా అచ్చయితే అందులో సుమారు 3,500 రకాలున్నాయి. ఆయన గీయించిన బొమ్మలు 2,500కి పైనే. ఆరోగ్యం చెడి 1813లో కలకత్తా వదిలారు. సెయింట్ హెలీనా దీవిలో కొన్నాళ్లుండి, 1815లో ఎడింబరోలో చనిపోయారు. భారతదేశపు మొక్కల మీద ఆయన రాసిన ఫ్లోరా ఇండికా అనే మహాగ్రంథం పూర్తిగా అచ్చయింది 1832లో. దాన్ని ఆయన చూసుకోలేదు. ఆయన్ని భారత వృక్షశాస్త్ర పితామహుడు అంటారు.

మరి ఆ బెరడు ఏమయింది?

కథ అయితే ఇక్కడ సోమిద బెరడుతో లోకంలో జ్వరాలన్నీ పోయాయని రాసెయ్యొచ్చు. అలా జరగలేదు. బెరడు కొంత పనిచేసింది. 1868లో సర్కారు వారు వేసిన ఇండియా మందుల గ్రంథంలో కూడా సోమిద బెరడు ఉంది. కానీ సింకోనాతో సాటిరాలేదు. మద్రాసు డాక్టరు ఐన్‌స్లీ గారు 1826 నాటి తన పుస్తకంలో మోతాదు మించితే తల తిరిగి మత్తు కమ్ముతుందని హెచ్చరించారు. అందుకని ఎవరూ చూసి రమ్మని బెరడు చెక్కి తాగకండి.

1820లో ఫ్రాన్సులో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు సింకోనా బెరడులోంచి క్వినైన్ అనే మందుని విడదీశారు. జ్వరాన్ని ఆపే శక్తి దానిదే. సోమిద బెరడులో క్వినైన్ లేదు. నాలిక మీద రెండూ చేదే, లోపల మాత్రం వేరు. చేదయితే చాలు జ్వరం పోతుందనేది సరికాదని అలా తెలిసింది. జ్వరం తెచ్చేది గాలీ కాదు, నీళ్లూ కాదు, దోమ అని కూడా ఆ తరవాతే తెలిసింది. అది కనిపెట్టింది రొనాల్డ్ రాస్ గారు, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో.

ఇంకో సంగతి. చైనాలో తూ యూయూ అనే ఆవిడ ఉన్నారు. మలేరియాకి మందు వెతుకుతూ పదహారు వందల ఏళ్ల నాటి పాత వైద్య గ్రంథం చదివారు. అందులో ఒక మాచిపత్రి జాతి మొక్కని చన్నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది. అందరూ మరిగిస్తున్నారు, వేడికి గుణం పోతోందేమో అని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో తీసి చూశారు. 1972లో ఆ మందు చేతికి వచ్చింది. పేరు ఆర్టిమిసినిన్. ఇప్పుడు మలేరియాకి మన ఆసుపత్రిలో ఇచ్చే బిళ్లల్లో కొన్ని ఆ మందుతో చేసినవే. 2015లో ఆవిడకి నోబెల్ బహుమతి ఇచ్చారు. పాత మాటని కొట్టిపారెయ్యలేదు, గుడ్డిగానూ నమ్మలేదు. పరీక్షించి చూశారు.

మా ఊళ్లో జరిగింది

నేను ఈ జీవితం ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. అదీ రాస్తాను.

మా అవ్వకి ఆకులు తెలుసు. నేలవేము కషాయం, తేలు కుడితే రాసే వేరు, బాలింతలకి పెట్టే పొడి, అన్నీ ఆవిడే చేసేది. డబ్బులు తీసుకునేది కాదు. కొన్నేళ్ల కింద వానాకాలంలో మా వరసలో ఒక ఇంట్లో చిన్నపిల్లకి జ్వరం వచ్చింది. అవ్వ కషాయం ఇచ్చింది. రెండో రోజుకీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. వాళ్లు వినలేదు. ఎవరో చెప్పారని కోడిని కోసి, పూజ చేయించి, అయిదు రోజులు కాలం గడిపారు. చివరికి డోలీ కట్టి మోసుకుపోతుంటే దారిలోనే పిల్ల పోయింది.

తరవాత ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. అవ్వే చిల్లంగి పెట్టిందన్నారు. నిన్నటిదాకా అర్ధరాత్రి తలుపు కొట్టి మందడిగినవాళ్లే మా వాకిలి ముందు నుంచి నడవడం మానేశారు. నీళ్ల దగ్గర అమ్మతో మాట్లాడేవాళ్లు లేరు. చిల్లంగి అన్న పేరు మీద పళ్లు పీకడం, కొట్టి చంపడం మన ఏజెన్సీలో జరిగాయని మీకందరికీ తెలుసు. నాన్న నెల రోజులు రాత్రిళ్లు నిద్రపోలేదు. వాకిట్లోనే గొడ్డలి పక్కన పెట్టుకుని కూర్చునేవాడు.

తరవాత నర్సమ్మ, ఆశా అక్క వచ్చి ఊరందరికీ వేలు గుచ్చి రక్తం చూశారు. పావుగంటలో చీటీ మీద గీతలు వచ్చాయి. పదకొండు మందికి మలేరియా. పిల్ల చనిపోయిన ఇంట్లో ఇద్దరికి ఉంది, మా తమ్ముడికి కూడా ఉంది. చిల్లంగి పెట్టేదయితే సొంత మనవడికే పెట్టుకుంటుందా అని ఒక పెద్దాయన అడిగాక ఆ మాట కొంచెం సద్దుమణిగింది. అందరూ బిళ్లలు మింగారు, బాగయ్యారు. కానీ అవ్వ ఆ రోజు నుంచి ఎవరికీ ఆకు ఇవ్వడం మానేసింది. మాకు కూడా చెప్పడం మానేసింది.

నాకు అప్పుడు అర్థం కాలేదు. రాక్స్‌బర్గ్ గారి గురించి చదివాక ఆలోచన వచ్చింది. చెట్టుని అడిగి తెలుసుకున్న దొరకి పితామహుడు అని పేరు వచ్చింది. చెట్టుని పుట్టినప్పటి నుంచి ఎరిగిన ముసలమ్మకి చిల్లంగి అని పేరు వచ్చింది. తేడా ఏమిటి? ఆయన తెలిసింది కాగితం మీద పెట్టి, అందరి ముందూ పరీక్షకి పెట్టాడు. ఎవరైనా చూసి అవుననో కాదనో అనొచ్చు. మన వాళ్లది నోటిమాట. దాచుకున్న మాట. దాచినదాన్ని చూస్తే జనానికి మంత్రంలా కనపడుతుంది, భయం వేస్తుంది. అందులో మన అవ్వల దోషం లేదు. వాళ్లకి చదువు ఎవరు చెప్పారు? చదువుకున్న వాళ్లం మనం. రాయాల్సింది మనం.

మనం చెయ్యవలసినది

ఒకటి. జ్వరం వస్తే అది ఏ జ్వరమో ముందు రక్తం చూపించుకోవాలి. హాస్టల్లో అయితే వార్డెను గారికి ఆ రోజే చెప్పాలి. ఇంటి దగ్గర అయితే ఆశా అక్కకి చెప్పాలి. కషాయం తాగినా సరే, పరీక్ష మానకూడదు. దోమతెర కట్టుకోవాలి. మన డార్మెటరీలో కొందరు దోమతెరని చేపలు పట్టడానికి తీసుకుపోతున్నారు, ఎవరో వాళ్లకి తెలుసు!

రెండు. ఎవరినైనా చిల్లంగి అంటే మనం తల ఊపకూడదు. చిన్నవాళ్లం మన మాట ఎవరు వింటారు అనుకోవద్దు. మలేరియా ఎలా వస్తుందో ఆరో తరగతి వాళ్లకి కూడా తెలుసు. ఇంట్లో చెప్పండి.

మూడు. సెలవులకి ఊరు వెళ్లినప్పుడు ఒక్కొక్కరు అయిదేసి చెట్ల గురించి అడిగి రాసుకుని రండి. చెట్టు పేరు, ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు పూస్తుంది, దేనికి వాడతారు, ఏ మోతాదు మించకూడదు. కొండరెడ్ల మాటలో ఒక పేరు, కోయ మాటలో ఒక పేరు ఉంటే రెండూ రాయండి. చివర తప్పకుండా ఒక గడి ఉండాలి. ఎవరు చెప్పారు, ఏ ఊరు. రాక్స్‌బర్గ్ గారి 300 బొమ్మల పుస్తకంలో లేని గడి అదే. లక్క తెచ్చినవాళ్లు, సోమిద పేరు చెప్పినవాళ్లు, బొమ్మలు గీసినవాళ్లు, ఒక్కరి పేరూ ఆ గడిలో లేకుండా పోయింది. మన పుస్తకంలో అలా జరగకూడదు.

సైన్సు మాస్టారు ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చారు. గోడపత్రిక పక్కన మేకుకి దారం కట్టి వేలాడదీశాను. పేజీలు చింపకండి. దసరా సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని, ఈ దొర కథంతా చెప్పి, నెమ్మదిగా అడిగితే మూడు మొక్కలు చెప్పింది. అవి మొదటి పేజీలో ఉన్నాయి, కింద అవ్వ పేరు ఉంది. రెండో పేజీ ఖాళీగా ఉంది. ఎవరు రాస్తారో రండి.

– తొమ్మిదవ తరగతి, బి సెక్షను